ఇజ్జత్‌కు మూత పెట్టని మనిషి

తన పరువు తానే తీసుకోవడంలో రాజనర్సును మించినవాడు నిజామాబాదు జిల్లాలో లేడు. ఉన్నాడని ఎవరైనా వాదిస్తే రాజనర్సు ఆ రెండవవాడితో పోటీకి దిగి, గెలిచి, గెలిచిన విధానాన్ని నలుగురిలో వర్ణించి, ఆ వర్ణనలో మరికొంత పరువు పోగొట్టుకొని ఇంటికి వెళ్ళేవాడు.

"ఇజ్జత్ అనేది పెరుగసొంటిది సార్. మూత పెట్టి దాస్తె పులుస్తది. ఏ పూటది ఆ పూటనే పంచిపెట్టాలె" అనేవాడు నాతో.

పెరుగును గురించి నాకు భిన్నాభిప్రాయం లేదు. పరువును గురించే ఉంది. మా తాతగారు కృష్ణా జిల్లా నుంచి నిజాంసాగర్ కాలువ నీళ్ళ వెంట బోధన్ వచ్చి స్థిరపడ్డారు. నాటి నుంచి మా ఇంట్లో పండినవి రెండే పంటలు: చెరకు, పరువు. కాలక్రమంలో చెరకు వరికి చోటు ఇచ్చింది. పరువు విస్తీర్ణం మాత్రం సెంటు కూడా తగ్గలేదు. పైగా నేను ప్రభుత్వ పాఠశాలలో తెలుగు బోధించి విరమించినవాణ్ని. వాక్యంలో దోషం దొర్లితేనే ఆ పూట అన్నం సహించనివాడికి, వీధిలో మాట పడితే ఎలా ఉంటుందో పాఠకులు ఊహించుకోగలరు. అటువంటి నాకు రాజనర్సు స్నేహితుడు కావడం విధి చేసిన అన్వయదోషం.

అతను ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెప్పేవాడు. మా అమ్మాయి సంజన అదే పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పేది. సాయంత్రాలు నేనూ రాజనర్సూ మా ఇంటికి ఎదురుగా ఉన్న గులాం చాయ్ హోటల్లో కలిసేవాళ్ళం. అతను తన పరువు తీసుకోవడం మొదలుపెట్టగానే, అతనెవరో నాకు తెలియనట్లు నేను గోడ మీది పోస్టరు చదవడం మా స్నేహధర్మం. దగ్గుమందుల ప్రకటనల్లోని భాషపై నాకున్న అధికారం ఆ రోజుల్లో సంపాదించినదే.

ఒక వేసవిలో ఆ పాఠశాల మూతపడింది, మళ్ళీ తెరుచుకోలేదు. సంజన ఇంట్లో కూర్చుంది. ఆ నెలలోనే మా బంధువుల ఇంట పెళ్ళి. రాజనర్సు వానలో తడిసి, చెరకు లారీ చిమ్మిన బురదలో మునిగి వస్తే, నా చొక్కా ఒకటి ఇచ్చి భోజనాల పంక్తిలో పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఎదురుగా కూర్చున్న మా దూరపు బావగారు పప్పు కలుపుకుంటూ పదిమందికి వినబడేటట్లు అడిగారు.

"ఏమయ్యా, మీ అమ్మాయి బడి మూసేశారటగా? ఇంట్లోనే ఉంటోందా? ఇప్పుడేం చేద్దామని?"

నేను సమాధానాన్ని కూర్చుకొంటున్నాను. వాక్యం ఇంకా విశేషణాల దగ్గరే ఉంది. ఇంతలో రాజనర్సు లేచి నిలబడ్డాడు.

"అందరు జర సూడుండ్రి! నేనేసుకున్న అంగీ నాది కాదు, మా సార్‌ది. నా అంగీ బురదల వడ్డది. లోపట బనీను గూడ సార్‌దే!"

పంక్తి అంతా విరగబడి నవ్వింది. వడ్డించేవాడు గరిటె వదిలేశాడు. నా బనీను నలుగురి నోళ్ళలో పడినందుకు నేను తలవంచుకొని, విస్తరిలోని అప్పడాన్ని ముక్కలు ముక్కలు చేశాను. బావగారి ప్రశ్న ఏమయిందో నాకు గుర్తు లేదు.

కొన్నాళ్ళకు గులాం అక్క ఖాసింబీ షార్జా నుంచి ఫోను చేసింది. కొడుకు దగ్గర ఉంటుంది. అక్కడ మనవాళ్ళ బడులు చాలా ఉన్నాయనీ, సంజన వచ్చి తన ఇంట్లో ఉండి వెతుక్కోవచ్చనీ ఆమె మాట. విజిట్ వీసా మీద రెండు నెలలు ఉండవచ్చు. ఆ మాట వింటూనే రాజనర్సు, "నేను గూడ వస్త" అన్నాడు.

ఇక్కడ మా జిల్లా భూగోళం కొంచెం చెప్పాలి. సముద్రం అవతల ఉన్న దేశాలన్నీ మాకు దుబాయే. ఇంటికొకరు చొప్పున వెళ్ళినవాళ్ళే. అయితే ఎవరైనా కంపెనీ పిలిస్తేనే వెళ్ళాలి. పని చేతిలో పెట్టుకొని వెళ్తే ప్రయాణం. పని వెతుక్కుంటూ వెళ్తే పారిపోవడం. అందులోనూ టీచరు వెతుక్కుంటూ వెళ్ళడం, ఆడపిల్ల వెళ్ళడం, అది నా కూతురు కావడం! నాకు నిద్ర పట్టలేదు. అమ్మాయికి తోడు ఒక పెద్దమనిషి ఉంటున్నాడన్న ధైర్యం ఒకవైపు. ఆ పెద్దమనిషి రాజనర్సు అన్న భయం మరొకవైపు.

"రాజనర్సూ, ఉద్యోగం లేకుండా బయలుదేరుతున్నారన్న సంగతి వీధికి తెలియవలసిన అవసరం లేదు" అన్నాను.

"ఎవలకు చెప్త సార్? నేనేమన్న పిచ్చోన్నా?"

వీసాలు వచ్చాక ఒకనాడు, సాగనంపడానికి నేనూ కలిసి, ముగ్గురం నిజామాబాదు బస్సు ఎక్కాం. కండక్టరు రాజనర్సును మామూలుగా అడిగాడు: "ఏడిదాక పెద్దమనిషి?"

"షార్జా."

"నిజామాబాద్ దాక ఇస్త. ఆడికెంచి నడువు. నౌకరి దొరికిందా ఏంది?"

"నౌకరి లేదు, ఏం లేదు. ఊకెనే పోతున్న" అన్నాడు రాజనర్సు బస్సంతటికీ వినబడేటట్లు. "యాభై యేండ్లు దాటినయి. ఈడ ఏ బడోళ్ళు రానిస్తలేరు. ఆడ గూడ గెంటేపిచ్చుకొని వస్తే రెండు దేశాల్ల పేరుంటది గదా అని!"

బస్సు గొల్లుమంది. వెనక సీటులోని రైతు ఒకాయన లేచి వచ్చి అతని ముఖం చూసిపోయాడు. "పంతులు నౌకరికి దుబాయి పోయెటోన్ని గిప్పుడే సూస్తున్న" అన్నాడు. జానకంపేట దాటేవరకూ ప్రశ్నలు, జవాబులు, నవ్వులు. నేను 'చేతులు బయట పెట్టరాదు' అన్న హెచ్చరికను చదువుతూ, అందులో ఎవరి చేతులో చెప్పకపోవడం లోపమా, క్లుప్తతా అని తర్కించుకొంటున్నాను. కిటికీ పక్కన పెట్టె ఒళ్ళో పెట్టుకొని కూర్చున్న సంజనను ఎక్కడికని కూడా ఎవరూ అడగలేదు.

వాళ్ళు వెళ్ళిన తరువాత మా పక్కింటి రుక్మాబాయి గేటు దగ్గర కాపు కాసేది. ఆమె పుట్టిల్లు నాందేడ్ వైపు, ఆశ్చర్యపడటం మరాఠీలోనే. కుతూహలం మాత్రం అన్ని ప్రాంతాలదీ.

"అగంబాయి సార్, సంజనకు దుబాయిల నౌకరి దొరికెనా?"

"ప్రయత్నాలు జరుగుతున్నాయి."

"ఎవరు చేస్తున్నరు?"

మన భాషలో కర్తను దాచిపెట్టి వాక్యం నడిపే సౌకర్యం ఉంది. జీవితమంతా పిల్లలకు దానిని దోషమని బోధించిన నేను, ఆ రెండు నెలలూ దాని నీడలోనే బతికాను. "పిలుపు రావలసి ఉంది", "చూడబడుతోంది", "తెలియవస్తుంది". సంజన ఫోనులో గొంతు మాత్రం రోజురోజుకు సన్నబడుతూ వచ్చింది. ఏమని అడిగితే, "ఏం లేదు నాన్నా, ఇక్కడ ఎండ" అనేది.

రాజనర్సు తీరు వేరు. అతను గులాంకు వీడియో కాల్ చేసేవాడు. గులాం ఫోనును బిస్కట్ల సీసాకు ఆనించి పెడితే, అతను తాను దిగిన, మంచానికింత అని అద్దెకిచ్చే బెడ్ స్పేసు గదిని హోటలంతటికీ చూపించేవాడు. గదిలో ఒకదానిపై ఒకటి మంచాలు, వాటిపై మన వైపు మనుషులు.

"ఆ పైమంచం నాది. రాత్రి దానిమీదికెంచి పడ్డ. కింద పండుకున్న ఆర్మూరాయన మీద పడ్డ. ఆయన లేసి నమస్తే సార్ అన్నడు!"

హోటలంతా నవ్వేది. నేను వేడి చాయ్ గడగడ తాగి, నాలుక కాల్చుకొని, ఇంటికి వచ్చేసేవాణ్ని.

వీసా గడువు తీరింది. ఇద్దరూ వచ్చేశారు. ఇద్దరికీ ఉద్యోగం రాలేదు.

గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళ డబ్బా విప్పడం మా వైపు ఒక పండుగ. తాళ్ళతో బిగించి, పేరూ ఊరూ పెద్ద అక్షరాలతో రాసిన అట్టడబ్బాను వీధి సమక్షంలో కోస్తారు. సెంటు సీసాలు, సబ్బులు, కంబళ్ళు, ఖర్జూరాలు అందరికీ పంచుతారు. ఖాళీ చేతులతో దిగినవాడు నెల రోజులు గడప దాటడు. ఆ మధ్యాహ్నం ఆటో మా వీధి మలుపు తిరుగుతూ ఉండగానే, రుక్మాబాయి సహా వీధి అంతా మా గేటు ముందు నిలబడి ఉంది. నా గుండె ఆటో కంటే గట్టిగా కొట్టుకుంటోంది.

ఆటో మా గేటు ముందు ఆగలేదు. గులాం హోటలు ముందు ఆగింది. రాజనర్సు డబ్బా నెత్తిన పెట్టుకొని దిగి, వీధికి అడ్డంగా నిలబడి కేక వేశాడు.

"రాండ్రి, రాండ్రి! దుబాయి డబ్బా విప్పుతున్న! మల్ల దొరకదు!"

జనం అటు పరుగెత్తారు. అందరికంటే ముందు రుక్మాబాయి. అతను గులాం కత్తితో తాళ్ళు కోసి, ఒక్కొక్క వస్తువూ పైకెత్తి వేలంపాట పాడాడు. "ఇగో, మామిడికాయ తొక్కు! ఈడికెంచి కొంటవోయిందే, అట్లనే తెచ్చిన. ఇగో, నా సర్టిఫికెట్లు! ఎవ్వలు ముట్టలే, కొత్తయి లెక్క ఉన్నయి. ఇగో సబ్బు! ఒక్కటే ఉన్నది, సగం అరిగింది, ఎవలకు కావాలె?"

"నాకియ్యి" అన్నాడు ఆటో నడిపే రామ్‌దాస్. "మా బర్రెను కడుగుత."

ఆ నవ్వుల మధ్య సంజన పెట్టె లాక్కొంటూ ఎవరి కంటా పడకుండా ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకుంది. నేను కిటికీలోంచి ఆ సబ్బు ముక్కను చూస్తూ, ఈ మనిషి కూడా ఒక ఉపాధ్యాయుడే కదా అని సిగ్గుతో చచ్చిపోయాను.

సంజన బయటకు రాలేదు. వారం తిరగకుండానే నిజామాబాదులోని ఒక పాఠశాల నుంచి కబురు వచ్చింది: సోమవారం వచ్చి ఒక డెమో క్లాసు చెప్పమని. డెమో అంటే, పెద్దవాళ్ళు వెనక కూర్చొని చూస్తూ ఉండగా పిల్లలకు పాఠం చెప్పి చూపించడం. సంతలో పశువును నడిపించి చూసినట్లు ఉంటుందని నాకు మొదటి నుంచీ అయిష్టమే. అయినా ఆశపడ్డాను.

"వెళ్ళను" అంది సంజన. "ఇక ఎప్పుడూ బోర్డు ముందు నిలబడను నాన్నా. నన్ను అడగొద్దు."

ఏం జరిగిందో చెప్పలేదు. పిల్లల నడుమ నిలబడితే తప్ప వెలగని ముఖం అది. ఆ ముఖం గోడ వైపు తిరిగి పడుకొని ఉంటే, నాకు ఏ విభక్తితోనూ అతకని బాధ.

సరిగ్గా ఆ రోజుల్లోనే రాజనర్సు కొత్త కథ అందుకున్నాడు. కుర్చీని మా కిటికీకి ఎదురుగా జరుపుకొని, ఇంతకు ముందుకంటే గట్టిగా చెప్పడం మొదలుపెట్టాడు.

"ఎనిమిదో తరగతి. ఏసీ గది. యెనక ప్రిన్సిపాల్ మేడం, ఇంకిద్దరు. నేను పోయి గుడ్ మార్నింగ్ అన్న. పిల్లలందరు లేసి గుడ్ మార్నింగ్ అన్నరు. సుద్దముక్క కోసం సూస్తే సుద్దముక్క లేదు. బోర్డే టీవీ లెక్క ఉన్నది. ఏం తోచలే. మల్లొకపారి గుడ్ మార్నింగ్ అన్న. వాళ్ళు మల్ల లేసిండ్రు."

"అరె పాపం, పిల్లల కాళ్ళు గుంజవా?" అన్నాడు గులాం.

"మూడోసారి గూడ లేపిన. ఇగ లాభం లేదని థాంక్యూ చెప్పి, తలుపు తీసి బయటికి పోయిన. తీరా సూస్తే అది బయటి తలుపు కాదు."

"మరేంది?"

"సామాన్ల కొట్టు. లోపటికి పోయి తలుపేసుకున్నంక తెలిసింది."

"మల్ల తీసుకొని రావొద్దా?" అన్నాడు రామ్‌దాస్.

"ఏ మొకం పెట్టుకొని రావాలె రా? ఆడనే నిలవడ్డ. అంతా చీకటి. పైకెంచి భూగోళం వచ్చి నెత్తిమీద పడ్డది. బయట పిల్లలు లోపట సప్పుడు వింటున్నరు. బెల్లు కొట్టినంక మెల్లగ తలుపు తీసి మల్ల గుడ్ మార్నింగ్ అన్న!"

గులాం నవ్వలేక నేల మీద కూర్చున్నాడు. ఆ కథ ఊరు తిరిగింది. ప్రతి సాయంత్రం ఎవరో ఒకరు అడగడం, అతను చెప్పడం. చెప్పిన కొద్దీ భూగోళం పెరిగేది. శుక్రవారానికి దాని కింద మనిషి బతకడం అసంభవమయింది. నేను వెళ్ళి మా కిటికీ మూసేవాణ్ని. కాసేపటికి చూస్తే తెరిచి ఉండేది. గాలికి అనుకున్నాను. ఒకసారి చూద్దును గదా, తెరుస్తున్నది సంజన. మొదట మంచం మీద నుంచి వింది. తరువాత కిటికీ దగ్గరకు వచ్చి వింది. ఒకనాడు పెదవి కొరుక్కొంటోంది. ఏడుపో, మరొకటో తెలియలేదు.

ఆదివారం సాయంత్రం నేను హోటల్లో పోస్టరు వైపు తిరిగి కూర్చొని ఉన్నాను. రాజనర్సు భూగోళం దాకా వచ్చాడు. అప్పుడు మా గేటు చప్పుడయింది. సంజన వీధి దాటి వచ్చి అందరి మధ్యా నిలబడింది.

"భూగోళం కాదు సార్" అంది.

రాజనర్సు ముఖం మారిపోయింది.

"నీకెందుకు బిడ్డా? ఇంటికి పో. ఇది నా ముచ్చట."

"మీది కాదు సార్. అప్పుడు మీరు గేటు బయట ఎండల నా బ్యాగు పట్టుకొని కూసున్నరు. కొట్టులకు పోయింది నేను. బయటికొచ్చి మీకు చెప్పింది గూడ నేనే." గులాం వైపు తిరిగింది. "భూగోళం కాదు చాచా. అస్థిపంజరం. సైన్సు పాఠాలకు పెడతరు కదా, ప్లాస్టిక్‌ది. చీకట్ల పోయి దానికి తగిలిన. అది ముందుకు ఒరిగి నా భుజం మీద చెయ్యేసింది."

"యా అల్లా! నువ్వేం చేసినవమ్మా?"

"సారీ అన్న."

"ఎవలకు?"

"దానికే!"

రామ్‌దాస్ చాయ్ ముక్కులోకి పోయింది. గులాం పొయ్యి మీద పాలు పొంగిపోయినా లేవలేదు. సంజన చెబుతూ చెబుతూ తానే నవ్వాపుకోలేక బల్లను పట్టుకుంది. ఆ నవ్వు మా ఇంట్లో వినిపించి ఎన్నాళ్ళయిందో!

"కరాబు చేసినవు గదా బిడ్డా! నా దాంట్ల గింత మజా లేకుండె" అన్నాడు రాజనర్సు.

నా చేతిలో చాయ్ చల్లారిపోయింది. పెళ్ళి పంక్తిలో బావగారి ప్రశ్న, బస్సులో కండక్టరు ప్రశ్న, గేటు ముందు వీధి అంతా పట్టుకొని నిలబడిన ప్రశ్న. మా అమ్మాయి మీద పడబోయిన ప్రతి చూపునూ ఈ మనిషి కేక వేసి తన మీదికి పిలుచుకొన్నాడు. నేను మాత్రం ప్రతిసారీ గోడల వైపు చూసి సిగ్గుపడ్డాను. ఇప్పుడూ సిగ్గుపడ్డాను, అయితే అతణ్ని చూసి కాదు.

రామ్‌దాస్ మంచివాడే గానీ, నవ్వులు తగ్గాక అడగకూడనిది అడిగాడు.

"గది టీచరమ్మ ముచ్చటాయె. మరి నీదేంది సార్? నిన్ను ఇంటర్వ్యూల ఏమడిగిండ్రు? నీ సొంతది చెప్పు."

రాజనర్సు గ్లాసును అటూ ఇటూ తిప్పాడు. అతని గొంతేనా అనిపించేటంత చిన్న గొంతుతో అన్నాడు:

"నన్నెవ్వలు పిలువలే."

"ఏ బడోళ్ళు?"

"ఏ బడోళ్ళు గూడ. కాగితం మీద వయసు సూసి గేటుకాన్నే..." ఆపేశాడు. తల వంచుకొన్నాడు.

అతను తల వంచుకోగా నేను చూడటం అదే మొదలు. హోటలంతా అతని వైపు చూస్తోంది. ఆ చూపులను అతను పిలవలేదు; అవే వచ్చాయి. ఏదో ఒకటి తమాషాగా అని వాటిని నవ్వించి పంపడానికి అతనికి ఆ పూట మాట అందలేదు. చెవులు ఎర్రబడ్డాయి. సంజన నా వైపు చూసింది.

నాకేమయిందో తెలియదు. లేచి నిలబడ్డాను. గొంతు సవరించుకొన్నాను.

"గులాం!"

"జీ సార్."

"నేను ఆరవ తరగతిలో తెలుగు తప్పాను."

కుర్చీలన్నీ ఒక్కసారి నా వైపు తిరిగాయి.

"మీరా సార్? తెలుగులనా?" అన్నాడు గులాం.

"అవును. రెండు పర్యాయాలు."

"అరె బాప్‌రే! తెలుగు సారు తెలుగు తప్పిండట రో!" రామ్‌దాస్ కేక బస్టాండు దాకా వినిపించి ఉంటుంది. ఎదుటి గేటు దగ్గర రుక్మాబాయి "అగంబాయి!" అంటూ చీపురు పారేసి పరుగెత్తుకొచ్చింది. నా వాక్యంలో కర్త ఉన్నాడు, కర్మ ఉంది, క్రియ ఉంది. నిజం ఒక్కటే లేదు. నేను ఏనాడూ ఏ తరగతిలోనూ తప్పలేదు. మా మూడు తరాల పంట కళ్ళ ముందే మంటల్లో పడుతున్నా, చెమటలు పట్టిన చేతులు పంచెకు తుడుచుకొంటూ నిలబడ్డాను.

రాజనర్సు మెల్లగా తల ఎత్తాడు. నా వైపు చూశాడు. అతనికి అర్థమయింది. నాకు అర్థం కావడానికి పట్టినన్ని ఏళ్ళు అతనికి పట్టలేదు. గ్లాసు కింద పెట్టి, పండితుణ్ని నిలదీసే ధోరణిలో అడిగాడు:

"ఏంట్ల తప్పినరు సార్? సంధులల్లనా, సమాసాలల్లనా?"

"రెంటిలోనూ."

"ఛీ ఛీ! గంత ఇజ్జత్ తక్కువ మనిషితోని ఇన్నేండ్లు చాయ్ తాగిన్నా నేను!" అని గోడ మీది పోస్టరు వైపు తిరిగి కూర్చున్నాడు. అతని భుజాలు నవ్వుతో ఎగిరెగిరి పడుతున్నాయి.

సంజన కళ్ళు తుడుచుకొని నా చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, రేపు పొద్దున నిజామాబాదు బస్సుకు నాతో రండి. డెమో ఉంది కదా. మీరు తెలుగు తప్పిన కథ మిగతాది దారిలో చెబుదురుగాని."

మిగతాది అంటూ ఏమీ లేదు గనుక, ఆ రాత్రి భోజనం చేస్తూనే నేను దానిని కల్పించడం మొదలుపెట్టవలసి వచ్చింది.